చిత్తూరు, తిరుపతి పాత సినిమా హాళ్ళు: ఎక్కడ దిగాలి, ఏ వైపు నుంచి చూడాలి

పాత సినిమా హాళ్ళు చూడ్డానికి వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది రోడ్డు మీద నిలబడే చూసి వచ్చేస్తారు. మెట్లుమెట్లుగా లేచిన పిట్టగోడ, నడిమధ్యన నిలువు పట్టీ మీద హాలు పేరు, మూల తిరిగిన చోట గుండ్రంగా వంగిన సన్నటి సజ్జా. బొంబాయిలో 1933 నాటి రీగల్, 1938 నాటి ఈరోస్ హాళ్ళలో కనిపించే వరస ఇదే. ఆ బొంబాయి భవనాల సముదాయం 2018లో యునెస్కో జాబితాకెక్కింది. మన దగ్గర అదే వరసలో కట్టిన హాళ్ళు ఒక్కొక్కటే కల్యాణ మండపాలుగా, షాపింగ్ కాంప్లెక్సులుగా మారిపోతున్నాయి. కాబట్టి ముందు గోడ చూడాల్సిందే, ఫోటో తీసుకోవాల్సిందే. కానీ దాని వెనక ఉండేది ఇటుక గోడల మీద నిలబెట్టిన రేకుల షెడ్డు. వెలుతురు ఎక్కడినుంచి పడాలి, శబ్దం ఏ గోడ దగ్గర ఆగాలి, నేల టికెట్టు వాళ్ళు ఏ దారిన రావాలి, నిప్పంటుకుంటే అందరూ ఏ దారిన పోవాలి అన్న లెక్కలే ఆ షెడ్డును సినిమా హాలు చేశాయి. అవి కనబడాలంటే పక్క సందులోకి, వెనక్కి, ఆ తర్వాత పైకి వెళ్ళాలి.

తిరుపతిలో దిగాలా, చిత్తూరులో దిగాలా అన్నది ముందు తేల్చుకోవాలి. రెండు ఊళ్ళ మధ్య దూరం 70 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఆర్టీసీ బస్సు గంటన్నర, రెండు గంటల్లో చేరుస్తుంది, బస్సులకు కొరత లేదు. తిరుపతి–కాట్పాడి రైలు మార్గం కూడా చంద్రగిరి, పాకాల మీదుగా చిత్తూరు వెళ్తుంది గానీ మనక్కావలసిన వేళకు బండి ఉండాలంటే కష్టం. తిరుపతిలో గదులు బోలెడు. అయితే ఆ ఊళ్ళో వసతి అంతా కొండకు వెళ్ళేవాళ్ళ చుట్టూ తిరుగుతుంది. బస్టాండు ఎదురుగా శ్రీనివాసం, రైల్వే స్టేషను ఎదురుగా విష్ణు నివాసం దేవస్థానం వసతులు, దర్శనానికి వచ్చినవాళ్ళ కోసం కట్టినవి. హాళ్ళు చూడ్డానికి వచ్చినవాళ్ళు వాటి జోలికి పోకపోవడమే న్యాయం. ప్రైవేటు లాడ్జీల్లో శని, ఆదివారాలకు రేటు ఎక్కుతుంది. బ్రహ్మోత్సవాలకూ వైకుంఠ ఏకాదశికీ అసలు గది దొరకడమే గగనం. గది తీసుకున్న వేళ నుంచి 24 గంటలా, లేక మర్నాడు మధ్యాహ్నం 12కే ఖాళీ చెయ్యాలా అన్నది డబ్బు కట్టకముందే అడగండి. బస్టాండు పక్క లాడ్జీల్లో రోడ్డు వైపు గది ఇస్తే రాత్రంతా హారన్లే, వెనక వైపు గది అడిగి తీసుకోవాలి.

చిత్తూరులో లాడ్జీలు సాదాసీదా. ఆ ఊరు పెద్దది కాదు, నడుచుకుంటూనే చాలా చూడొచ్చు. పెళ్ళి ముహూర్తాలున్న రోజుల్లో మాత్రం చిత్తూరులోనూ గదులు నిండిపోతాయి. మా సలహా: చిత్తూరులో రెండు రాత్రులు, తిరుపతిలో ఒకటి. తిరుపతిలోనే ఉండి చిత్తూరు పోయి రావడం కుదరని పనేం కాదు. కానీ హాలు మనుషులు తీరిగ్గా మాట్లాడేది మ్యాట్నీకీ ఫస్ట్ షోకీ మధ్య కాసేపు, లేదంటే సెకండ్ షో మొదలయ్యాక. తిరుగు బస్సు కోసం వాచీ చూసుకుంటూ ప్రొజెక్టర్లుండే క్యాబిన్ చూస్తే ఏదీ బుర్రకెక్కదు. భోజనానికి రెండు ఊళ్ళలోనూ ఇబ్బంది లేదు. చిత్తూరులో రాగి సంగటి, ఊరుబిండి పచ్చడి పెట్టే చిన్న మెస్సు దొరికితే వదలకండి.

కాలం సంగతి. ఏప్రిల్, మే నెలల్లో రేకుల కింద మధ్యాహ్నం రెండింటికి నిలబడటం ఎవరివల్లా కాదు. జనవరి, ఫిబ్రవరి హాయి. భవనానికి ఏ జబ్బు ఉందో తెలుసుకోవాలంటే మాత్రం నవంబరు, డిసెంబరు వానల్లో ఒక తెరపి చూసుకుని వెళ్ళాలి. ఈ వైపు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతోనే వస్తాయి. 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వానలు అందరికీ గుర్తే. ఏ గోడ ఎక్కడ తాగుతోందో, ఏ గట్టర్ పొంగుతోందో వాన పడిన మర్నాడు చూస్తే తెలిసినంతగా ఎండలో ఎంతసేపు చూసినా తెలియదు.

తిరుపతి హాళ్ళ మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. నడుస్తున్న హాళ్ళు చాలావరకు లోపల పూర్తిగా మారాయి: ఏసీలు, పుష్ బ్యాక్ సీట్లు, ఫాల్స్ సీలింగు, గోడల మీద గుడ్డ ప్యానెళ్ళు. ఒకే పెద్ద హాలును రెండు తెరలుగా చీల్చితే బాల్కనీ స్లాబును ముందుకు పొడిగించి పైన ఒక హాలు, కింద ఒక హాలు చేస్తారు. అలాంటి చోట కింది హాల్లో ముందు వరసల నుంచి పైకి చూడండి, పాత బాల్కనీ అంచు ఎక్కడ ఆగిందో కప్పులో ఒక దూలం గీతలా కనిపిస్తుంది. బయట పక్క సందులోకి వెళ్తే పాత ఎగ్జాస్టు ఫ్యాన్ల గుండ్రటి కంతలు ఇటుకలతో మూసిన ఆనవాళ్ళు ఉంటాయి. తిరుపతికి ఒక సాయంత్రం చాలు. అదీ ఒక షోకి టికెట్టు కొనుక్కుని, పది నిమిషాలు ముందే లోపలికి వెళ్ళి కూర్చుంటే.

తిరుపతి నుంచి చిత్తూరు దారిలో చంద్రగిరిలో ఆగమని చెబితే సినిమా హాళ్ళకూ కోటకూ ఏం సంబంధం అనిపించవచ్చు. ఆ కోటలోని రాజమహల్‌లో కొయ్య వాడలేదు. రాయి, ఇటుక, సున్నంతోనే మూడంతస్తులు లేపారు. ఉక్కు లేని రోజుల్లో పెద్ద జాగా మీద కప్పు వెయ్యాలంటే కమానులు, గుమ్మటాలు, వాటిని మొయ్యడానికి ఇంతింత లావు స్తంభాలు కావాలి. వందలమంది కూర్చుని ఒకే తెర వైపు అడ్డం లేకుండా చూసే గది ఆ పద్ధతిలో కుదరదు. 50, 60 అడుగుల దూరాన్ని మధ్యలో ఒక్క స్తంభం లేకుండా దాటించే ఉక్కు ట్రస్సు, అంటే కమ్మీలను ముక్కోణాలుగా కలిపిన కప్పు చట్రం, వచ్చాకే సినిమా హాలు సాధ్యపడింది. పొద్దున రాజమహల్ స్తంభాల మధ్య తిరిగి, మధ్యాహ్నం చిత్తూరు హాల్లో ట్రస్సుల కింద నిలబడితే ఆ తేడా ఒంటికి తెలుస్తుంది. సున్నపు గచ్చు పూత మంచి స్థితిలో ఎలా ఉంటుందో కూడా ఇక్కడ చూసి పెట్టుకోండి, చిత్తూరులో పనికొస్తుంది. లోపల పురావస్తు శాఖ మ్యూజియం ఉంది. శుక్రవారం సెలవు, ఆ రోజు తప్పించి పెట్టుకోండి.

ఇక చిత్తూరు. ఈ ప్రయాణంలో అసలు చూడాల్సింది ఇక్కడే. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది, 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా మద్రాసులో భాగం. మద్రాసులో 1913లో ఎలక్ట్రిక్ థియేటర్, 1914లో రఘుపతి వెంకయ్య గెయిటీ మొదలయ్యాయి. అక్కడికి దగ్గర కావడంతో ఈ ఊళ్ళకు సినిమా అలవాటు ముందే పట్టింది. దానికన్నా ముందు నాటకం ఉంది. నటుడు నాగయ్య పేరుకు ముందు చిత్తూరు వచ్చి చేరింది ఇక్కడి రామవిలాస సభ నాటకాల వల్లే. ఆ నాటకాల ఛాయ భవనంలోనూ వెతకొచ్చు. సినిమాకే కట్టిన హాల్లో తెర వెనక నాలుగైదు అడుగుల జాగా ఉంటే చాలు, స్పీకర్లు పెట్టుకోవడానికి సరిపోతుంది. అలా కాక తెర వెనక 15, 20 అడుగుల లోతు వేదిక, పక్కన చిన్న గదులు, వెనక గోడకు విడిగా తలుపు ఉన్నాయంటే ఆ హాలు నాటకాలకూ పనికొచ్చేలా కట్టిందని అర్థం.

మూతపడి, అమ్మకానికి ఉన్న ఒక పాత హాలును దృష్టిలో పెట్టుకుని మిగతాది చెబుతున్నాం. పేరు రాయడం యజమానులకు ఇష్టం లేదు. అయితే ఇదే తరహా హాళ్ళు పలమనేరు, పుంగనూరు, పుత్తూరు, నగరి వైపు ఎక్కడ చూసినా ఈ వరసే కనిపిస్తుంది.

ముందు గేటు కాదు, బుకింగులు ఎక్కడున్నాయో చూడండి. నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ తరగతులకు విడివిడిగా బుకింగ్, విడివిడిగా దారి. బాల్కనీ వాళ్ళకు రోడ్డు ఎదురుగా మొజాయిక్ మెట్లు, ఇత్తడి కడ్డీ. నేల వాళ్ళకు పక్క సందు. ఒకే సినిమా చూడ్డానికి వచ్చినవాళ్ళు లోపలా బయటా ఎక్కడా ఎదురుపడకుండా కట్టిన ఏర్పాటు అది, దాన్ని చూడకుండా ముందు గోడ అందాన్ని మెచ్చుకోవడం మాకు సరి అనిపించదు. నేల క్యూ లైను రెండు గోడల మధ్య రెండడుగుల సందు. ఒక మనిషి వెనక ఒక మనిషి తప్ప పక్కపక్కన నిలబడలేరు. పైన కూడా ఇనుప కమ్మీలు వేశారు, కొత్త సినిమా రోజున తలల మీదుగా పాకి ముందుకు పోయేవాళ్ళు ఉండేవాళ్ళు మరి. ఆడవాళ్ళ బుకింగ్ వేరే, దానికి కాస్త వెడల్పు దారి. సందు చివర బుకింగ్ కంత: అడుగున్నర మందం గోడలో, ఛాతీ ఎత్తున, ఒక్క చెయ్యి పట్టే అర్ధచంద్రాకారపు రంధ్రం. లోపలి వైపు వెడల్పుగా మొదలై బయటికి వచ్చేసరికి ఇరుకవుతుంది. రెండు చేతులు ఒకేసారి దూర్చడం కుదరదు, లోపలున్న మనిషి మొహం కనబడదు. కింది అంచు సిమెంటు ఎన్నో ఏళ్ళ మోచేతుల రాపిడికి నల్లగా, నున్నగా తేలి, మధ్యలో వేలు మందాన గుంట పడింది. లోపలి వైపు చెక్క బల్లకు టికెట్టు పుస్తకాలు గుచ్చిన మేకులు ఇంకా ఉన్నాయి.

ఇక్కణ్ణించి హాల్లోకి పోకుండా పైకి వెళ్ళాలి. క్యాబిన్‌కు హాల్లోంచి దారి ఉండదు, బయటి మెట్ల మీదుగానే. దీనికి కారణం నిప్పు భయం. 1950ల మొదటిదాకా సినిమా ఫిల్ము నైట్రేట్ మీద వచ్చేది. అది అంటుకుంటే కావలసిన ఆక్సిజన్ దాన్లోనే ఉంటుంది, నీళ్ళలో ముంచినా ఆరదు. అందుకని క్యాబిన్‌ను హాలు నుంచి పూర్తిగా విడదీసి కట్టేవాళ్ళు: కాంక్రీటు స్లాబు, బయటికి తెరుచుకునే రేకు తలుపు, రీళ్ళు చుట్టుకోవడానికి పక్కన వేరే గది. తర్వాత తేలిగ్గా అంటుకోని సేఫ్టీ ఫిల్ము వచ్చినా కట్టే పద్ధతి మారలేదు. హాలు వైపు గోడలో ఒక్కో ప్రొజెక్టరుకు రెండేసి కంతలు ఉంటాయి. ఒకటి వెలుతురు పోవడానికి, ఇంకొకటి ఆపరేటర్ కంటి ఎత్తున. స్లైడ్లకు విడిగా ఇంకొకటి. ప్రతి కంత పైన ఇనుప పలక గాడిలో జారేలా ఉంటుంది. ఆ పలకలన్నీ ఒకే తీగకు కట్టి, తీగను ప్రొజెక్టర్ల మీదుగా తీసుకెళ్ళి, మధ్యలో తక్కువ వేడికే కరిగే లోహపు ముక్క తగిలిస్తారు. మంట లేస్తే ఆ ముక్క కరుగుతుంది, తీగ వదులవుతుంది, పలకలు వాటంతటవే దిగి కంతలు మూసేస్తాయి. హాల్లో జనానికి మంట కనబడదు, పొగ రాదు, తొక్కిసలాట జరగదు. ఈ హాల్లో ఆ పలకలు గాళ్ళలోనే తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. ఆయిల్ పెయింటు మీద పెయింటు వేస్తూ పోతే జరిగేది అదే. నడుస్తున్న హాల్లో క్యాబిన్ చూసే వీలు దొరికితే పలక చేత్తో ఎత్తి వదిలి చూపించమని అడగండి, దానంతట అది దిగాలి.

నేల మీద నాలుగేసి బోల్టులు రెండు చోట్ల ఉంటే రెండు ప్రొజెక్టర్లు ఉండేవన్నమాట. 35 ఎంఎం ఫిల్ము సెకనుకు 24 బొమ్మల చొప్పున నిమిషానికి 90 అడుగులు పోతుంది. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు వస్తుంది. రెండున్నర గంటల సినిమా అంటే 13,500 అడుగులు. ఒక్క ప్రొజెక్టరుతో నడిచే టెంటులో రీలు మారినప్పుడల్లా లైట్లు వెలిగేవి. పర్మనెంటు హాలుకు రెండు ప్రొజెక్టర్లు ఉండటం గొప్ప, తెర మీద కుడి పైమూలన చుక్క కనబడగానే రెండోదానికి మార్చేవాళ్ళు. కప్పు పైకి పోయిన రెండు రేకు గొట్టాలు, ప్రొజెక్టరులో వెలుతురు కోసం మండించే కార్బన్ కడ్డీల పొగ పోవడానికి. తర్వాత జినాన్ దీపాలు వచ్చాయి, ఆ తర్వాత డిజిటల్ ప్రొజెక్టరు ఒక్కటే మిగిలింది. అందుకే చాలా హాళ్ళలో రెండో ప్రొజెక్టరు కంతలు ఇటుకలతో మూసేసి ఉంటాయి.

క్యాబిన్ కంతలోంచి తెర వైపు చూస్తే ఇంకో కథ తెలుస్తుంది. దీనికి 30 మీటర్ల టేపు చాలు, లేజరు కొలత పరికరం ఉంటే ఇంకా సుఖం. కంత నుంచి తెరకు ఉన్న దూరాన్ని ఫిల్ము గేటు (ప్రొజెక్టరులో ఫిల్ము బొమ్మ మేరకే వెలుతురు వదిలే కిటికీ) వెడల్పుతో గుణించి, తెర మీద బొమ్మ వెడల్పుతో భాగిస్తే లెన్సు ఫోకల్ లెంగ్త్ ఎంతో వస్తుంది. పాత చదరపు బొమ్మకు గేటు వెడల్పు 0.825 అంగుళాలు. దూరం 100 అడుగులు, బొమ్మ 20 అడుగులు అనుకుంటే నాలుగంగుళాల పైచిలుకు లెన్సు. బొమ్మ వెడల్పుకూ ఎత్తుకూ నిష్పత్తి 1.37, కాబట్టి ఎత్తు 14.6 అడుగులు. లోకంలో వెడల్పాటి బొమ్మ చూపే సినిమాస్కోప్ 1953లో వచ్చింది, తెలుగులో మొదటిది 1974లో. దాని నిష్పత్తి 2.35. తెర చుట్టూ కట్టిన వేదిక కమాను వెడల్పు 28 అడుగులే అయితే స్కోప్ బొమ్మ ఎత్తు 28ని 2.35తో భాగిస్తే 11.9 అడుగులు. పేరుకు పెద్ద తెర, బొమ్మ ఎత్తు మాత్రం రెండున్నర అడుగులకు పైగా తగ్గిపోయింది. అందుకే 1970ల చివర, 80లలో ఊరూరా హాళ్ళవాళ్ళు కమాను పక్క స్తంభాలు పగలగొట్టి తెరను గోడ నుంచి గోడకు లాగారు. తెలుగులో మొదటి 70 ఎంఎం 1986లో వచ్చాక మిగిలినవీ పోయాయి. పక్కగోడలు తెరను కలిసే చోట టార్చి వేసి చూడండి. నేల నుంచి కప్పుదాకా నిలువునా పూత రంగు మారి, ఇటుకలు విరిచిన గీత ఉంటే పాత కమాను అక్కడిదాకా ఉండేది. రెండు గీతల మధ్య దూరం కొలిస్తే హాలు మొదట ఎంత బొమ్మ కోసం కట్టారో తేలిపోతుంది. అన్ని కొలతల్లోకీ మాకు ఇష్టమైన కొలత ఇదే.

ఇప్పుడు హాల్లోకి. మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. శబ్దం సెకనుకు 1,100 అడుగుల పైన పోతుంది. తెర దగ్గర కూర్చున్నవాళ్ళకు 100 అడుగుల దూరంలో ఉన్న వెనక గోడ నుంచి తిరిగి రావడానికి సెకనులో ఆరో వంతు పడుతుంది, అంటే మాట వెనకే మాట విడిగా వినబడుతుంది. దాన్ని ఆపడానికే వెనక గోడకు మెత్తటి సరుకు కొట్టారు: చెక్క చట్రాల మధ్య గోనె, పీచు, దాని మీద రంధ్రాలున్న గడ్డి బోర్డు. పక్క గోడలకు గరుకు పూత. జనం నిండితే ఒంటి మీది బట్టలే సగం శబ్దాన్ని తాగేస్తాయి, అందుకని ఖాళీ హాల్లో గింగురుమన్నంత మాత్రాన అది చెడ్డ హాలని చెప్పకూడదు. అసలు చెడేది ఎక్కడంటే, బోర్డు పాతబడిందని ప్రతి దీపావళికీ సంక్రాంతికీ రంగు కొట్టిస్తారు. రెండు మూడు పూతలకు ఆ రంధ్రాలన్నీ పూడిపోయి బోర్డు గోడలా గట్టిపడుతుంది, మాట మళ్ళీ కలగాపులగం అవుతుంది. వేలితో తట్టి చూస్తే డొల్ల శబ్దం ఉండదు.

గాలి ఏర్పాటు పాత హాళ్ళలో బహు చక్కగా ఉండేది. రెండు పక్కలా ఎనిమిది, పదడుగుల వరండాలు ఎండను గోడ మీద పడనిచ్చేవి కావు. తలుపు, దాని లోపల నల్ల తెర, రెంటికీ మధ్య చిన్న జాగా, దాంతో గాలి వచ్చినా వెలుతురు రాదు. గోడ పైభాగాన ఎగ్జాస్టు ఫ్యాన్లు వేడి గాలిని లాగేసేవి. 1990లలో డిజిటల్ సౌండు, ఏసీలు వచ్చాక ఈ కంతలన్నీ మూసేశారు. ఏసీ నడిచినంతకాలం బాగానే ఉంటుంది. కరెంటు బిల్లు భారమై ఇంటర్వెల్ దాకే ఏసీ వేసే స్థితి వచ్చాక, లోపలి తడి బయటికి పోయే దారి లేక బూజు పడుతుంది. హాల్లో అడుగుపెట్టగానే ముక్కుకు తగిలే ఆ వాసన అదే.

కప్పు దగ్గర కాస్త ఎక్కువసేపు ఉండాలి, ఎందుకంటే ఈ హాళ్ళు చచ్చిపోయేది కప్పు నుంచే. ఫాల్స్ సీలింగ్ ఊడిన చోట టార్చి వేసి ట్రస్సు కీళ్ళు చూడండి. గుండ్రటి తలల రివెట్లు ఉంటే పాతది, వెల్డింగు ఉంటే తర్వాతిది. బాల్కనీ కింద గర్డర్ల నడుము మీద పొంగిన ఇంగ్లీషు అక్షరాలుంటాయి. ఇంగ్లండు డోర్మన్ లాంగ్ పేరు ఉండొచ్చు, మన టాటా వాళ్ళ టిస్కో పేరు ఉండొచ్చు. సున్నం రంగు కింద అక్షరాలు కనబడకపోతే టార్చిని పక్కనుంచి వాలుగా పెట్టండి, నీడల్లో తేలతాయి. భవనం ఎప్పటిదో చెప్పే సాక్ష్యాల్లో ముందు గోడ మీది సంవత్సరం కన్నా ఇదే నమ్మకమైనది. ముందు గోడను ఎన్నిసార్లయినా కొత్తగా పూస్తారు, గర్డరును మార్చరు.

రేకుల వాలు కనబడకుండా ముందు పిట్టగోడ ఎత్తుగా లేపారు కదా, దాని వెనకే వాన నీళ్ళ గట్టర్ ఉంటుంది. అందాన్నిచ్చే ఆ గోడే రోగం తెచ్చేది కూడా. వేపాకు, పావురాల గూళ్ళు, చిరిగిన పోస్టర్లు గట్టర్‌ను పూడ్చేస్తాయి. నీళ్ళు పొంగి గోడ తలలోకి దిగుతాయి. ట్రస్సు పాదం కూర్చున్నది సరిగ్గా అక్కడే. ఉక్కు తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బితే ఇటుకను చీలుస్తుంది, చీలికలో రావి మొలక పడుతుంది. లోపల నుంచి చూస్తే ట్రస్సు గోడలో దూరే చోట ఎర్రటి చార కిందికి కారి ఉంటుంది. ఆ చార కింద నిలబడొద్దు. మరమ్మతు పేరుతో చేసే పెద్ద తప్పు ఇంకోటి ఉంది. 1930ల, 40ల గోడలు చాలావాటిలో గానుగ సున్నం ఉంది. పెచ్చులూడిన చోట పొడి తెల్లగా మెత్తగా రాలితే సున్నం, బూడిద రంగులో గట్టిగా ఉంటే సిమెంటు. సున్నం గోడకు సిమెంటు పూత పూస్తే లోపలి చెమ్మ బయటికి రాలేక ఉప్పు పేరుకుని, మూడు నాలుగేళ్ళలో పూత పలకలు పలకలుగా ఊడిపడుతుంది. చంద్రగిరిలో చూసిన గచ్చు ఇక్కడ గుర్తు చేసుకోవాలి. శతాబ్దాలు నిలిచిన పద్ధతి పక్కనే ఉండగా ఈ పని చేస్తున్నారు.

మూతపడ్డ హాల్లోకి యజమాని మనిషి తోడు లేకుండా వెళ్ళకండి. పావురాల రెట్ట దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం, మాస్కు తప్పనిసరి. ఫాల్స్ సీలింగ్ మీద కాలు పెట్టొద్దు, బాల్కనీ ముందు అంచుకు ఆనుకోవద్దు. ఆస్‌బెస్టాస్ రేకుల ముక్కలను విరవడం, గుర్తుగా ఇంటికి తేవడం వద్దు. ఎగ్జిట్ తలుపులు ఎన్ని ఉన్నాయో, ఎటు తెరుచుకుంటాయో రాసుకోండి. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాల్లో జరిగిన అగ్నిప్రమాదంలో 59 మంది చనిపోయారు. బాల్కనీలో అదనంగా వేసిన సీట్లు బయటికి పోయే దారిని మూసేయడం అందులో పెద్ద కారణం. ఈ హాళ్ళలోనూ బాల్కనీ కుడి పక్క దారి సీట్లతో మూసి ఉందేమో చూసేది అందుకే. నడుస్తున్న హాల్లో కూడా ముందు మన దారి చూసుకుని కూర్చోవడం మంచిది.

అనుమతి అడిగే పద్ధతి తేలికే. మ్యాట్నీ వదిలాక మేనేజర్ గదికి వెళ్ళి, ఫలానా ఊరి నుంచి వచ్చాం సార్, భవనం చూడాలనుకుంటున్నాం అని చెబితే సాధారణంగా కాదనరు. అడగకుండా కెమెరా తీస్తేనే చిక్కు. బొమ్మ పడుతుండగా ఫోను తెర వైపు ఎత్తడం మాత్రం ఏ పరిస్థితిలోనూ వద్దు. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం హాల్లో రికార్డు చేస్తే కనీసం మూడు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, కనీసం మూడు లక్షల జరిమానా. కప్పు ఫోటో తీశామని చెప్పినా వినే నాథుడు ఉండడు. క్యాబిన్ చూపించిన ఆపరేటర్‌ను అన్నా అని పిలిచి, ఆయన చెప్పేది ఆసాంతం వినండి. కార్బన్ కడ్డీలతో పని చేసినవాళ్ళు ఇక ఎక్కువమంది లేరు.

మూడో రోజు మిగిలితే సూళ్ళూరుపేట పోవచ్చు. తిరుపతి నుంచి శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా రెండున్నర, మూడు గంటలు. అక్కడ 2019లో తెరిచిన వి ఎపిక్ తెర వెడల్పు వంద అడుగులు దాటుతుంది. చిత్తూరులో 28 అడుగుల కమాను కొలిచి వచ్చినవాళ్ళకు ఆ తెర ముందు కూర్చుంటే ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. బొమ్మా శబ్దమూ రెండూ మంచివే. భవనంగా చూడాల్సింది మాత్రం బయట తక్కువ, లోపలే ఎక్కువ. శని, ఆదివారాల్లో వెళ్ళాలంటే టికెట్టు ముందే తీసుకోవాలి. రోజు తక్కువైతే దీన్ని వదిలేసి చిత్తూరులోనే ఇంకో పూట ఉండమంటాం.

ఒక హాలు మీద లోతుగా పని చెయ్యదలచుకుంటే కాగితాలు కావాలి. ఈ భవనాలకు పురావస్తు శాఖ రక్షణ లేదు. 1958 చట్టం కింద కట్టడం కనీసం వందేళ్ళది కావాలి, వీటిలో చాలావాటికి ఆ వయసు రాలేదు. అయితే సినిమా హాలుకు లైసెన్సు తప్పనిసరి కాబట్టి ఫైలు ఎక్కడో ఉంటుంది: 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం, 1970 నిబంధనల కింద బి ఫారం లైసెన్సు, దాంతోపాటు ఆర్ అండ్ బి ఇంజనీరు, ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరు, అగ్నిమాపక శాఖ కాగితాలు, ప్లాను. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయింది గానీ పాత హాళ్ళన్నీ ఉమ్మడి జిల్లా కాలానివి కాబట్టి అడగడం చిత్తూరు కలెక్టరేటులోనే మొదలుపెట్టాలి. సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలు, జవాబుకు 30 రోజులు. సమాచారం అంతా ఇవ్వండి అని రాస్తే పని జరగదు. హాలు పేరు, ఊరు, వీధి రాసి, మొదటి లైసెన్సు తేదీ, తరగతులవారీ సీట్ల సంఖ్య, మంజూరైన ప్లాను నకలు, ఆ తర్వాత మంజూరైన మార్పుల ప్లాన్లు అని విడివిడిగా అడగండి. మార్పుల ప్లాను దొరికితే తెర వెడల్పు ఏ ఏడాది పెంచారో అందులో ఉంటుంది. హాల్లో కొలిచిన రెండు గీతల దూరంతో దాన్ని పోల్చి చూసుకోవచ్చు.